గండికోటలో పాటల రాత్రి, పిల్లలతో టెంట్: ఎట్ల చేయాలి?

అనంతపురం_అమ్మ:

చలికాలంలో గండికోట ఉత్సవాలు పెట్టినప్పుడు ఒక రాత్రి అక్కడే టెంట్‌లో ఉండి, కచేరీ చూసి, పొద్దున్నే లోయ మీద ఎండ పడేది చూసి రావాలని ప్లాన్. బాబుకు ఆరేళ్లు, పాపకు రెండున్నర. పాపకు రాత్రిపూట ఇంకా డైపర్ వేస్తున్నాం, మధ్యలో రెండుసార్లు లేస్తుంది.

అడగాలనుకున్నవి మూడు. ఆ బాక్సుల మోత పిల్లల చెవులకు ఎంతవరకు ఫరవాలేదు? అంతా బండనేల కదా, టెంట్ నిలబడుతుందా? తేళ్లు, చలి, తప్పిపోవడం లాంటి వాటికి ముందే ఏం చేసుకోవాలి? హరిత హోటల్లో రూమ్ తీసుకోమని మాత్రం చెప్పొద్దండీ, ఆ దారి మాకు తెలుసు.

డెసిబెల్_కడప:

మోత సంగతి నేను చెప్తాను. పెద్ద స్టేజీ ముందర 100 డెసిబెల్స్ దాకా ఉండడం మామూలే. ఫ్యాక్టరీల్లో పనిచేసే పెద్దవాళ్లకు వాడే లెక్క ఏమంటే 85 డెసిబెల్స్ అయితే 8 గంటలు, ఆపైన 3 పెరిగినప్పుడల్లా టైమ్ సగం. అంటే 94 దగ్గర గంట, 100 దగ్గర పావుగంట. ఇది పెద్దవాళ్ల లెక్క, పిల్లలకు ఇంకా తక్కువ పెట్టుకోండి. ఫోన్లో మీటర్ యాప్ పెట్టుకున్నా అది అటూ ఇటూ చూపిస్తుంది. దానికంటే చేయి చాపితే అందేంత దూరంలో ఉన్న మనిషితో గొంతు పెంచి మాట్లాడాల్సి వస్తోందంటే, ఆడ 85 దాటిందనుకోండి.

దూరంతో ఎంత తగ్గుతుందంటే, నేల మీద పెట్టే మామూలు బాక్సులకు దూరం రెట్టింపైన ప్రతిసారీ దాదాపు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. పైన వరసగా వేలాడదీసే లైన్ అరే బాక్సులు అంత తొందరగా తగ్గవు, వాటికి స్టేజీకి దగ్గర్లో 3 మాత్రమే లెక్క. అందుకే ఎంత దూరంలో ఉన్నారో చెప్పే ముందు ఏ బాక్సులు వేలాడుతున్నాయో చూడండి.

స్టేజీ వెనకాలైతే సద్దు ఉండదని చాలామంది అక్కడ టెంట్ వేసుకుంటారు. ఇదే పెద్ద పొరపాటు. బేస్ బాక్సుల మోత ముందుకే పోదు, నాలుగు వైపులకూ పోతుంది. పైగా జనరేటర్ అక్కడే ఉంటుంది, డీజిల్ పొగ రాత్రంతా టెంట్‌లోకి వస్తుంది. గాలి ఎటు నుంచి వీస్తోందో పేపర్ ముక్క ఎగరేసి చూసి, స్టేజీకి గాలి వచ్చే వైపు వేసుకోండి. గాలి పోయే వైపు వేస్తే మోత వంగి కిందికే దిగుతుంది. రాత్రి నేల చల్లబడ్డాక కూడా అంతే, సాయంత్రం వినపడని దూరానికి రాత్రి వినపడుతుంది. కాబట్టి సాయంత్రం నాలుగింటికి సౌండ్ చెక్ విని ‘ఇక్కడ బాగుంది’ అనుకోవద్దు.

ఇయర్‌మఫ్స్ తప్పనిసరి. హెడ్‌ఫోన్లు వేరు, ఇవి వేరు. డబ్బా మీద ఎన్ని డెసిబెల్స్ తగ్గిస్తాయో రాసి ఉంటుంది, 25 దరిదాపు ఉన్నవి తీసుకోండి. మెత్త చెవి చుట్టూ పూర్తిగా అతుక్కోవాలి. కింద టోపీ అంచు, జడ, కళ్లద్దాల కాడ అడ్డం వచ్చిందంటే సందులోంచి మోత లోపలికి పోతుంది. మంకీ క్యాప్ పెట్టాలంటే మఫ్స్ ముందు పెట్టి దాని మీద క్యాప్ వేయండి. బేస్ మాత్రం మఫ్స్‌కు అంతగా లొంగదు, అది ఎముకలోనే కొడుతుంది. అందుకే మఫ్స్ ఉన్నాయని బాక్సుల పక్కకు పోకూడదు. చెవిలో దూది పెడితే చాలనేది ఉత్త మాట.

పాపకు చెవిలో దూర్చే ఫోమ్ ప్లగ్గులు పెట్టొద్దు, పీకి నోట్లో పెట్టుకుంటుంది. మఫ్స్‌ను ఇంట్లో వారం ముందు నుంచే మిక్సీ వేసేటప్పుడు పెట్టి అలవాటు చేయండి.

ఇంకొకటి. లౌడ్‌స్పీకర్లు రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెప్తాయి. కానీ సాంస్కృతిక, మతపరమైన ఉత్సవాలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా రాత్రి 12 గంటల దాకా సడలింపు ఇచ్చే అధికారం ప్రభుత్వానికి ఉంది. అందుకే పదింటికి ఆగుతుందనే లెక్కతో పోవద్దు, అర్ధరాత్రి దాకా అనుకునే సర్దుకోండి.

పెన్నాగట్టు:

టెంట్ సంగతి నాకు వదిలేయండి.

మొదటిది జాగా. గుడి, మసీదు, ధాన్యాగారం ఇవన్నీ రక్షిత కట్టడాలు, వాటి ఆవరణలో టెంట్ వేయడం, పొయ్యి ముట్టించడం కుదరదు. బయట జాగా చూసుకునేటప్పుడు లోయ అంచు నుంచి ఎంత దూరం అనేది ముందు లెక్క. అంచు చాలా చోట్ల కంచె లేకుండానే ఉంటుంది, లోతు వందల అడుగులు. రెండున్నరేళ్ల పిల్ల రాత్రి జిప్పు తీసుకుని బయటికొస్తే ఎటు పోతుందో ఎవరికి తెలుసు? కనీసం రెండు వందల మీటర్లు వెనక్కి రండి. వ్యూ కోసం అంచున వేసిన టెంట్ల వాళ్లను చూసి మోసపోవద్దు, వాళ్లకు పిల్లల్లేరు. అంచు దగ్గరికి పోయేటప్పుడు పాపను చంకన ఎత్తుకోవడమే, నడిపించొద్దు. నడుముకు కట్టే బెల్టు తాడు దొరికితే బాబుకు కూడా కట్టండి, సిగ్గుపడతాడు గానీ ఫరవాలేదు.

బండ మీద మేకు దిగదు. దిగినా వంగిపోతుంది. కాబట్టి స్తంభాల మీద తానే నిలబడే గుండ్రటి డోమ్ టెంట్ తీసుకోండి. బియ్యం సంచులు నాలుగు తెచ్చి అక్కడి మట్టితోనో ఇసుకతోనో పది కిలోల దాకా నింపి, నాలుగు మూలలకు లోపలి వైపు నుంచి కట్టండి. గాలితాళ్లను రాళ్లకు కట్టేటప్పుడు తాడును రాయికి ఒక చుట్టు చుట్టి, దాని మీద ఇంకో పెద్ద రాయి పెట్టండి. ఉత్త ముడి అయితే జారిపోతుంది. తాళ్లకు తెల్ల గుడ్డపీలికలు కట్టాల్సిందే. పిల్లోళ్లు పరిగెత్తుకుంటూ తగులుకుని మోకాళ్లు పగలగొట్టుకునేది వీటికే. రాత్రి గాలి లోయ వైపు నుంచి కొట్టొచ్చు, అందుకని తలుపు అటు వైపు పెట్టొద్దు.

‘నలుగురి టెంట్’ అంటే నలుగురు పెద్దోళ్లు ఒకరికొకరు ఆనుకుని పడుకోవడానికే సరిపోయేది, ఏడడుగులు ఇంటూ ఎనిమిది. మీకు సరిగ్గా సరిపోతుంది, సామాను సంచులు మాత్రం కార్లో పెట్టాలి. అద్దెకు తీసుకుంటే డబ్బు ఇచ్చే ముందు జిప్పు రెండు వైపులా మూడుసార్లు లాగి చూడండి, పోల్‌ల కీళ్లు చూడండి, నేల గుడ్డకు చిల్లులున్నాయేమో టార్చి కింద పెట్టి చూడండి. కింద వేసే టార్పాలిన్ పట్ట టెంట్ కంటే అరడుగు చిన్నదిగా ఉండేట్టు లోపలికి మడవాలి. బయటికొస్తే మంచు నీళ్లు దాని మీద పడి కిందికి చేరతాయి.

చలి పైనుంచి కాదు, బండ నుంచి వస్తుంది. పగలు కాగిన బండ తెల్లారుజామున నాలుగింటికి ఐసు గడ్డలాగుంటుంది. వరస ఇది: పట్ట, టెంట్ నేల, ఒక సెంటీమీటరు మందం ఫోమ్ చాప, దాని మీద జమఖానా, దాని మీద బొంత. పైన కప్పుకోవడానికి రెండు పలచని దుప్పట్లు ఒక మందం దుప్పటి కంటే మేలు, పిల్లకు చెమట పడితే ఒకటి తీసేయొచ్చు. కిటికీ జాలీలు పూర్తిగా మూయొద్దు. నలుగురి ఊపిరి తడికే పొద్దునకు పైగుడ్డ చెమ్మగిల్లి బొట్లు రాలతాయి. చలికని టెంట్‌లో బొగ్గుల కుంపటి, మస్కిటో కాయిల్, కొవ్వొత్తి, గ్యాస్ పొయ్యి ఏదీ వద్దు. కుంపటి విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే పోతారు.

జిప్పు రన్నర్లు రెండూ పైకి తెచ్చి చిన్న క్లిప్పు వేయండి, పాపకు అందదు. పెద్దోళ్లు మాత్రం ఒక్క సెకనులో తీసుకునేట్టు ఉండాలి.

మూడింటికల్లా అక్కడ ఉండండి. శీతాకాలం ఆరు దాటితే చీకటే. ఏడుస్తున్న పిల్లలను పెట్టుకుని టార్చి పట్టుకుని టెంట్ వేయడం నరకం.

పిల్లలవార్డు:

తేలు గురించి కొంచెం గట్టిగా చెప్తాను. మన ఎర్రతేలు చిన్నదే, కానీ పిల్లల్లో గుండెకు దెబ్బ కొడుతుంది. రాళ్లు ఎత్తి జరిపేటప్పుడు, చెప్పులు వేసుకునేటప్పుడే ఎక్కువగా కుడుతుంది. అందుకే పెన్నాగట్టు గారు చెప్పిన రాళ్లను చేతితో కాక కర్రతో దొర్లించి చూసి, ఆపైన ఎత్తండి. బూట్లు టెంట్ లోపలే కవర్లో పెట్టి, వేసుకునే ముందు దులపాలి. తేళ్లు యూవీ టార్చి వెలుగులో పచ్చగా మెరుస్తాయి. 395 నానోమీటర్ల చిన్న టార్చి ఒకటి కొని, పడుకునే ముందు టెంట్ చుట్టూ రెండు గజాలు, పాటీ పెట్టే చోట వెతకండి. కుట్టిందంటే చెమటలు, వాంతులు, చేతులు కాళ్లు చల్లబడటం దాకా ఆగొద్దు, 108కి చేయండి లేదా కారులో బయల్దేరండి. జమ్మలమడుగు 15 కిలోమీటర్లు. అక్కడ ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, ఆపైన ప్రొద్దుటూరు జిల్లా ఆసుపత్రి. ఈ విషానికి వాడే ప్రాజోసిన్ అనే మాత్ర ఎంత త్వరగా వేస్తే అంత మేలు. ఆకు పసర్లు, మంత్రం అంటూ అరగంట పోగొట్టుకోవద్దు. పాము అయితే కట్టు కట్టొద్దు, కోయొద్దు, కదలకుండా పెట్టి తీసుకెళ్లండి.

జ్వరం మందు: పారాసెటమాల్ సిరప్ 5 మి.లీ.కు 120, 250 మి.గ్రా. రెండు రకాల్లోనూ దొరుకుతుంది, సీసాలు ఒకేలా ఉంటాయి. డోసు బరువును బట్టి, కిలోకు 10 నుంచి 15 మి.గ్రా. మీ డాక్టర్ చెప్పిన మి.లీ. లెక్కను సీసా మీద ప్లాస్టర్ అంటించి రాసి పెట్టుకోండి. రాత్రి రెండు గంటలకు సీసాలు తారుమారు కావడం, మూతతో కొలవడం, ఇవే డోసు ఎక్కువయ్యే దారులు.

దోమలకు: లెమన్ యూకలిప్టస్ నూనెతో చేసిన రకాలు మూడేళ్ల లోపు పిల్లలకు వాడకూడదు. పాపకు నిండు చేతుల చొక్కా, ఫ్యాంటు, టెంట్ జాలీ చాలు. విరేచనాలైతే, లీటరుకు అని రాసి ఉన్న ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తం ఒక లీటరు నీళ్లలో. కొంచెం కొంచెంగా గ్లాసులో కలిపితే ఉప్పు ఎక్కువ తక్కువలవుతుంది. కుక్క గానీ కోతి గానీ కరిచినా గీరినా సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు ఇంజెక్షన్‌కు పోవాల్సిందే.

రొట్టెలమూట:

నీళ్లు: 20 లీటర్ల క్యాన్లు రెండు, ఒక రాత్రికి నలుగురికి. తాగడానికి ఒకటి, కడుక్కోవడానికి ఒకటి. పెరుగన్నం మధ్యాహ్నం కార్లో పులిసిపోతుంది. కటక జొన్నరొట్టెలు, చెనక్కాయ పొడి, బొరుగులు, అరటిపండ్లు తీసుకోండి, రాత్రికి వేడినీళ్ల ఫ్లాస్కుతో సెరెలాక్‌లాంటిది. పాలు టెట్రా ప్యాక్‌వి, తెరిచాక రెండు గంటల్లో ముగించాలి. కోతులు సంచి జిప్పు కూడా తీస్తాయి, తిండి అంతా కారు డిక్కీలోనే. డైపర్లు 24 గంటలకు ఎనిమిది, ఇంకో నాలుగు అదనం. వాడినవి మూటగట్టి మీ ఊరికే తీసుకుపోవాలి. మూత ఉన్న చిన్న బకెట్, అందులో చారెడు పొడి మట్టి పెట్టుకుంటే రాత్రి పూట బాబుకు పాటీ పని అయిపోతుంది. బయటి టాయిలెట్ల ముందు క్యూ అప్పటికి పెద్దదే ఉంటుంది.

అనంతపురం_అమ్మ:

అందరికీ థాంక్సండీ. రెండు అనుమానాలు. పాప ఇయర్‌మఫ్స్ పీకేస్తే ఏం చేయాలి? జనంలో వీపున మోసే క్యారియర్ వాడొచ్చా? ఇంకా, తప్పిపోతే సంగతి ఎవరూ చెప్పలేదు.

డెసిబెల్_కడప:

పీకేస్తే బలవంతం వద్దు, వెనక్కి నడవండి. రెండో వరస బాక్సులు దాటి, మామూలు గొంతుతో మాట్లాడుకోగలిగే దాకా. వీపున క్యారియర్ వద్దు, మఫ్స్ జారినా మీకు కనపడదు, వెనకనున్న వాళ్ల మోచేతులు తగులుతాయి. ముందు వైపు కట్టుకునేది వాడండి. అరగంట వింటే అయిదు నిమిషాలు బయటికి తీసుకెళ్లి మఫ్స్ తీసి, చెవి వెనకాల ఎర్రగా నొక్కుకుందేమో చూడండి. పాపకు ఎనిమిదిన్నరకు నిద్రైతే, ఆమె లెక్క ఏడు నుంచి ఎనిమిదింటి దాకానే. ఆ తర్వాత ఒకరు టెంట్‌లో, ఒకరు బాబుతో స్టేజీ దగ్గర, పదింటికి మార్చుకోండి. నిద్రలో మఫ్స్ పెట్టొద్దు, పక్కకు తిరిగితే గట్టి చిప్ప చెవిని నొక్కుతుంది.

పెన్నాగట్టు:

తప్పిపోవడం గురించి: పొద్దున బయల్దేరే ముందు ఇద్దరికీ ఆ రోజు వేసుకున్న బట్టలతో నిలువుగా ఒక ఫోటో తీయండి. చేతికి బాల్ పెన్నుతో మీ ఇద్దరి నంబర్లు రాసి, మీద పారదర్శకమైన ప్లాస్టర్ అంటించండి. పేరు పైకి కనపడేట్టు రాయొద్దు, కొత్తవాళ్లు పేరు పెట్టి పిలిస్తే పిల్లోళ్లు వెంట పోతారు. జనం పెరిగితే ఫోన్లు కలవవు, ఎస్సెమ్మెస్ మాత్రం ఆలస్యంగానైనా పోతుంది. అందుకే పోగానే కలుసుకునే చోటు ఒకటి అనుకోండి. కోట లోపలి చార్మినార్ అయితే బాబుకు గుర్తుంటుంది. రాత్రికి మాత్రం టెంట్ దగ్గరే కర్రకు ఒక ఎర్ర రిబ్బన్, దాని పైన చిన్న మినుకు లైటు కట్టండి, ఎందుకంటే చీకట్లో అద్దె టెంట్లన్నీ ఒకే రంగుంటాయి.

బాబుకు ఒక్క మాట నేర్పించండి: తప్పిపోతే తిరగొద్దు, నిలబడిన చోటే నిలబడి, యూనిఫారం వేసుకున్న పోలీసుకో, పిల్లలున్న ఒక అమ్మకో చెప్పు. ఇంట్లో నాలుగైదు సార్లు ఆడించి చూడండి.