కిబాలే అడవి ఎలుక: హైలోమిస్కసా, ప్రాఓమిస్ పిల్లా?

పశ్చిమ ఉగాండాలోని కిబాలే అడవిలో ఎలుకల సర్వే చేస్తున్నాను. మూడు రాత్రుల్లో ఒకే రకంవి నాలుగు పడ్డాయి: రెండు నేల మీది బోనుల్లో, రెండు మీటరున్నర ఎత్తున తీగలకు కట్టినవాటిలో. అన్నిటికన్నా పెద్దది 19 గ్రాములు. తల, ఒళ్ళు కలిపి 88 మి.మీ., తోక 128, వెనక పాదం 18. వీపు గోధుమ రంగు, పొట్ట బూడిద రంగు.

పాదం చిన్నది కాబట్టి హైలోమిస్కస్ అనుకున్నాను. అది ఎక్కువగా చెట్లెక్కే ఎలుక కదా, నేల మీద కూడా పడేసరికి ఇది ప్రాఓమిస్ అనే మరో రకం ఎలుక పిల్లేమోనని అనుమానం మొదలైంది. రెండుసార్లు కొలిచాను, ఫొటోలు గైడు పుస్తకంతో పోల్చాను, తేలలేదు. పుర్రె చూస్తే తెలుస్తుంది, కానీ అందుకోసం చంపడం నాకిష్టం లేదు. తెల్లారగానే వదిలేస్తున్నాను.

బతికున్న ఎలుకలో ఈ రెండింటినీ వేరుచేసే, పాదం పొడవు కాకుండా నమ్మదగిన గుర్తు ఏమిటి?