రాత్రి లొల్లి, హత్య కేసు: చూడనిది చూశానని రాసుకున్నారు

హన్మకొండలో మా గల్లీలో పోయిన దసరా ముందు, రాత్రి పన్నెండు దాటాక బండి పెట్టే జాగ కోసం లొల్లి అయ్యి ఒకాయన చనిపోయాడు. డాబా మీద నుంచి చూశాను. కర్ర ఎవరి చేతిలో ఉందో తెలుసు గానీ మొదటి దెబ్బ చూడలేదు, పోలీసులేమో చూశానని రాసుకున్నారట. ఇప్పుడు సమన్లు వచ్చాయి, టెన్షన్‌తో నిద్ర లేదు. ఏం చెప్పాలి అన్నా?

జవాబు 1: తమ్మీ, పోలీసులు రాసుకున్నదాని మీద నీ సంతకం ఉండదు, బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ బదులు వచ్చిన చట్టం) 181వ సెక్షన్ ప్రకారం తీసుకోకూడదు కూడా. ప్రమాణం చేసి కోర్టులో చెప్పేదే సాక్ష్యం. తేడా ఎందుకని నిందితుడి లాయర్ గుచ్చి గుచ్చి అడుగుతాడు, "అది నేను చెప్పలేదు" అని తేల్చి చెప్పు. ముందే పీపీ (మన కేసు వాదించే ప్రభుత్వ లాయర్) గారికీ చెప్పు. మేజిస్ట్రేట్ ముందు చెప్పి ఉంటే మాత్రం వేరే సంగతి.

జవాబు 2: వీధి లైటు వెలుగుతోందా, ఎంత దూరం, ఇవే అడుగుతారు. ఒక్క సాక్షి మాట నమ్మి కూడా శిక్ష వేయొచ్చు, అందుకే ఊహించి ఒక్క ముక్క కలపకు.

జవాబు 3: ఎవరైనా బెదిరిస్తే ఊరుకోకు. 2018లో సుప్రీంకోర్టు ఆమోదించిన సాక్షుల రక్షణ పథకం ఉంది, జిల్లా జడ్జి అధ్యక్షతన ఉండే కమిటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు.

బెదిరింపులు లేవన్నా. మేజిస్ట్రేట్ దగ్గరికి పోలేదు. సోమవారం పీపీని కలుస్తా.