ఇంటూ గుర్తులా కూర్చునే సాలీడు ఐదు రోజులుగా ఏమీ తినడం లేదు

మాది శ్రీకాకుళం జిల్లా, పలాస దగ్గర. పెరట్లో కరివేపాకు చెట్టుకీ దడికీ మధ్య పసుపు చారల ఆడ సాలీడు ఉంది. కాళ్లు జతలుగా చాపి, తలకిందులుగా ఇంటూ గుర్తులా కూర్చుంటుంది. గూడు మధ్యలో తెల్లటి వంకరటింకర అల్లిక. ఇదివరకు మిడత పడగానే వెనక కాళ్లతో దారం లాగి గబగబా చుట్టేసి, ఆ తర్వాతే కాటు వేసేది. ఆ వేగం చూసి తీరాలి!

ఐదు రోజులుగా చిరిగిన గూడు కూడా బాగుచేసుకోలేదు. సాయంత్రం ఆరింటికి బతికున్న మిడతను రెండుసార్లు వేశాను, కదల్లేదు. మిడత గింజుకుని తప్పించుకుపోయింది. నీళ్లు సన్నగా చల్లితే మాత్రం ఒక చుక్క తాగింది. ఎనిమిది కాళ్లూ బాగానే ఉన్నాయి, పొట్ట ఉబ్బింది. నాకు టెన్షన్‌గా ఉంది.

ఇలా పస్తుండటం కుబుసం విడవడానికా, గుడ్లు పెట్టడానికా అన్నది ఏ గుర్తు చూసి తెలుసుకోవాలి?