పాత రకం బార్లీతో చేసిన సింగిల్ మాల్ట్ విస్కీ రుచి నిజంగా వేరుగా ఉంటుందా?

మండపేట రైతు:
నమస్కారమండి. మాది మండపేట దగ్గర పల్లె. వరి తప్ప మరో గింజ పండించి ఎరగం. బార్లీ అంటే ఎండాకాలం కాచుకునే జావ దాకానే తెలుసు. మా బావగారు స్కాట్లండ్ నుంచి వస్తూ బ్రూక్‌లాడీ అనే సింగిల్ మాల్ట్ సీసాలు రెండు తెచ్చారు. సింగిల్ మాల్ట్ అంటే ఒకే డిస్టిలరీలో, మొలకెత్తించిన బార్లీతోనే చేసే విస్కీ అట. ఒకటి వాళ్ల మామూలు క్లాసిక్ లాడీ, రెండోదాని మీద బేర్ బార్లీ అని ఉంది. రెండోది చిక్కగా, నాలుకకి నూనె రాసినట్టు అనిపించింది. వెనకాల వేయించిన పిండి వాసన కూడా వచ్చింది.

నా సందేహం ఇదండి. గింజని మొలకెత్తించి, ఎండబెట్టి, మరపట్టి, పులియబెట్టి, రెండుసార్లు బట్టీ పట్టి, ఏళ్ల తరబడి ఓక్ పీపాలో ఉంచాక కూడా విత్తనం తాలూకు రుచి మిగులుతుందా? లేక ఎక్కువ ధర కోసం చెప్పే కథా?

మాల్ట్ ల్యాబ్, అమలాపురం:
మిగులుతుందండి. ఉత్తరాదిలో బార్లీని మొలకెత్తించి, ఎండబెట్టి మాల్ట్ తయారుచేసే ఒక యూనిట్ ల్యాబ్‌లో చాలా ఏళ్లు పనిచేశాను, కాబట్టి గింజ వైపు నుంచి చెబుతాను.

పాత రకాలంటూ అమ్మేవన్నీ ఒకే కోవవి కావు. మీ దగ్గరున్న బేర్ నిజంగా పాతది. ఆర్క్నీ లాంటి స్కాట్లండ్ ఉత్తర దీవుల్లో రైతులు తరతరాలుగా దాచుకుంటూ వచ్చిన విత్తనం. కంకికి ఆరు వరసల గింజలు, మూడు నెలల పంట, పొడుగు గడ్డి. గాలొస్తే చేను పడిపోతుంది. మన తాతలు వేసిన అక్కుళ్లు, కృష్ణకాటుకలనే పాత వరి రకాల లాంటిదన్నమాట. మరోవైపు గోల్డెన్ ప్రామిస్ ఉంది. మెకాలన్ అనే స్కాట్లండ్ విస్కీ కంపెనీ వాళ్లు చాలాకాలం దాని గురించి గర్వంగా చెప్పుకున్నారు. అది 1960లలో వచ్చింది. మేథార్ప్ అనే రకం విత్తనం మీద గామా కిరణాలు ప్రయోగించి పుట్టించిన పొట్టి రకం. చేను పడిపోదు కాబట్టి 1970లు, 80లలో స్కాట్లండ్ అంతా అదే వేశారు. తర్వాత దిగుబడి ఎక్కువిచ్చే రకాలొచ్చి దాన్ని పక్కకి నెట్టేశాయి. మన స్వర్ణ వరి మార్టేరు పరిశోధన కేంద్రం నుంచి ఎలా వచ్చిందో, అదీ అలా పరిశోధకుల చేతిలో తయారైందే. దాన్నీ బేర్‌నీ ఒక గాటన కట్టకూడదు.

ఇక బట్టీ దాటి రుచి ఎలా వస్తుందంటే, గింజలోని పిండి ఏ రకానిదైనా చివరికి అదే ఆల్కహాలవుతుంది. తేడా అంతా పిండి కాని భాగంలో ఉంది. బేర్ గింజ చిన్నది. ప్రొటీన్ ఎక్కువ, పిండి తక్కువ. అందుకే టన్ను మాల్ట్‌కి వచ్చే స్పిరిట్, అంటే బట్టీలోంచి దిగే మద్యం, కూడా తక్కువే. ప్రొటీన్ విరిగితే అమైనో ఆమ్లాలొస్తాయి. వాటిని తిని ఈస్ట్ వదిలే వాసన పదార్థాలు వాటి మోతాదును బట్టి మారతాయి. గింజలోని కొవ్వు ఆమ్లాలూ అంతే. అవి ఆల్కహాల్‌తో కలిసి ఎస్టర్లనే వాసన పదార్థాలవుతాయి, ఆవిరితో పాటే పైకొస్తాయి. మీ నాలుకకి తగిలిన నూనెతనానికి వాటి చేయి ఉంటుందని నా నమ్మకం.

అయితే ఆ తేడా మొత్తం విత్తనం ఖాతాలో వేయకండి. మీ రెండు సీసాల మధ్య పొలం వేరు, పీపాలు వేరు, వయసు వేరు కావచ్చు. ఐర్లండ్‌లో వాటర్‌ఫర్డ్ డిస్టిలరీ భాగస్వామిగా జరిగిన పరిశోధన 2021లో వచ్చింది. ఒలింపస్, లారియేట్ అనే రెండు రకాలను రెండు చోట్ల, రెండు సీజన్లు పండించి స్పిరిట్ తీస్తే, రకం కంటే నేల, వాతావరణాల ప్రభావమే ఎక్కువ కనిపించింది. దీన్ని పట్టుకుని రకంలో ఏమీ లేదని వాదించేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఆ రెండూ ఈ కాలపు రకాలే. బేర్‌ని పక్కన పెట్టి పోల్చలేదు కదా! అమెరికాలో ఒరెగాన్ వాళ్లు గోల్డెన్ ప్రామిస్‌ని ఫుల్ పింట్ అనే రకంతో సంకరం చేసి, ఆ పిల్ల రకాలతో బీరు కాస్తే, రకాన్ని బట్టి రుచి మారడం తెలిసింది.

పాలకొల్లు విత్తనాలు:
మేం వరి విత్తనం పండిస్తామండి. యూరియా ఎక్కువేస్తే గింజలో ప్రొటీన్ పెరుగుతుంది కదా, మరి కొత్త రకానికే గట్టిగా యూరియా కొడితే బేర్ లాంటి రుచి వస్తుందా?

మాల్ట్ ల్యాబ్, అమలాపురం:
మంచి ప్రశ్న అడిగారమ్మా. ప్రొటీన్ పెరుగుతుంది, కానీ మిగతావన్నీ బేర్‌లా మారవు. పైగా స్కాచ్‌కి, అంటే స్కాట్లండ్ విస్కీకి, మాల్ట్ కొనేవాళ్లు గింజలో నత్రజని (ప్రొటీన్‌ని లెక్కగట్టేది దీనితోనే) సుమారు 1.65 శాతం దాటితే అభ్యంతరం పెడతారు. నత్రజని పెరిగితే పిండి తగ్గుతుంది, స్పిరిట్ తగ్గుతుంది. అలా ఏళ్ల తరబడి తక్కువ నత్రజని, ఎక్కువ లీటర్లు అని ఏరుకుంటూ పోయారు. రుచి కోసం ఏరలేదు. నాకు బాధ కలిగించేది అదే.

కాకినాడ పోర్ట్:
మన దేశపు విస్కీలు అమృత్, పాల్ జాన్ సంగతేంటండి?

మాల్ట్ ల్యాబ్, అమలాపురం:
రెండూ మన దేశపు ఆరు వరసల బార్లీ వాడతాయి. సన్నగింజ, పొట్టు ఎక్కువ, ప్రొటీన్ ఎక్కువ. ఆ గింజ బలం మన మాల్ట్‌లలో నాకు తెలుస్తూనే ఉంటుంది. కానీ అమృత్ తయారయ్యే బెంగళూరులో పీపాలోంచి ఏడాదికి పది శాతం పైనే ఆవిరైపోతుంది, స్కాట్లండ్‌లో రెండు శాతమే. మన ఎండకి చెక్క రుచి తొందరగా ఎక్కుతుంది. గింజని విడిగా పట్టుకోవడం కష్టం.

మండపేట రైతు:
చాలా థాంక్సండి. ఇంట్లో నేనే పరీక్ష చేసుకోవాలంటే ఎలా?

మాల్ట్ ల్యాబ్, అమలాపురం:
మూడు గ్లాసులు తీసుకోండి. మీ బావగారిని రెండింట్లో ఒకటే విస్కీ, మూడోదాంట్లో రెండోది పోయమనండి. ఏది ఏదో మీకు చెప్పకూడదు. ఆ రెండు సీసాల్లోనూ ఆల్కహాల్ 50 శాతమే కాబట్టి అన్నిట్లో ఒకే కొలతగా నీళ్లు కలపండి. కాసేపాగి, ముందు వాసన చూడండి, తర్వాత చిన్న గుక్క. వేరుగా ఉన్న గ్లాసు ఏదో చెప్పండి. మర్నాడు గ్లాసుల వరస మార్చి మళ్లీ చేయండి. కారంగా ఏమీ తినకముందే చేయాలి, ఆవకాయ ముద్ద తిన్నాక లాభం లేదు. ఫలితం ఇక్కడ రాయండి.