‘రంది’ పెట్టుకుంటారు, ‘మనాది’ పట్టుకుంటుంది: ఈ రెండూ ఒకటేనా?

తెలంగాణలో దిగులుకు, మనోవేదనకు వాడే ‘రంది’, ‘మనాది’ పర్యాయపదాలేనా, రెండింటినీ ‘డిప్రెషన్’కు వాడవచ్చునా అని నిన్న ఒక సభ్యులు అడిగారు. వరంగల్ వైపు పుట్టి పెరిగినవాడిగా నాకు తోచింది రాస్తున్నాను.

వీటి తేడా వెంట వచ్చే క్రియలో ఉంది. రందికి కారణం ఎదురుగానే కనబడుతుంది: బిడ్డ పెండ్లి రంది, అప్పుల రంది, పత్తి చేనుకు వాన పడని రంది. అందుకే ‘ఊకె రంది పెట్టుకోకు’ అని పెద్దలు మందలించగలుగుతారు. పెట్టుకున్నదాన్ని తీసి పక్కన పెట్టవచ్చునన్న నమ్మకం ఆ మాటలోనే ఉంది. ‘మనాది పెట్టుకోకు’ అని మాత్రం ఎవరూ అనగా నేను వినలేదు. మనాది పట్టుకుంటుంది, అది పట్టినవాళ్లు మంచం పడతారు. (‘మనోవ్యాధి’ నోళ్లలో నలిగి ఇలా అయిందని నా ఊహ.)

మా పల్లెల్లో చావింట్లో ఆడవాళ్లు పోయినవారి గుణగణాలు చెప్పుకుంటూ, రాగం తీసి శోకం పెడతారు. అక్కడ ఏడ్చేవారిని చూసి ఎవరూ భయపడరు. కండ్లనీళ్లు రాకుండా గోడకు ఆనుకొని కూర్చున్న మనిషిని చూసే ‘ఏడ్వనియ్యుండ్రి, లేకుంటె మనాది పడుతది’ అంటారు.

దీనికి దగ్గరగా ఉండే ఒక పరిశోధనను మనస్తత్వ శాస్త్రవేత్తలు యూలియా చెంత్సోవా-డట్టన్, జీన్ సాయ్ తదితరులు 2007లో ప్రచురించారు. విషాద చిత్రం చూపినప్పుడు, డిప్రెషన్ ఉన్న ఐరోపా మూలాల అమెరికన్లలో స్పందన మందగించగా, తూర్పు ఆసియా మూలాలవారిలో అది తగ్గలేదు, కొన్ని కొలతల్లో పెరిగింది కూడా. భావాన్ని బయటపెట్టడం మర్యాద అనుకునే చోట జబ్బు మనిషిని మొద్దుబారుస్తుంది, అణచుకోవడం మర్యాద అనుకునే చోట ఆ అదుపును సడలిస్తుంది, అంటే ఎక్కడి కట్టుబాటును అక్కడే తప్పిస్తుంది అన్నది వారి ప్రతిపాదన. మన చావింటి మాట మొదటి తీరుకు దగ్గరగా ఉందని నాకనిపిస్తుంది.

ఇక పత్రికల ‘కుంగుబాటు’ చక్కని మాటే కాని, మా ఇండ్లలో ఆ పేరుతో ఎవరూ బాధ చెప్పుకోరు. ‘పాణం బాగలేదు, బువ్వ సయిస్తలేదు, నిద్ర పడతలేదు’ అంటారు. 1980లో చైనాలోని హునాన్‌లో అమెరికా మానసిక వైద్యుడు ఆర్థర్ క్లైన్‌మన్ పరిశీలించిన, ‘నరాల నీరసం’ (న్యూరస్థీనియా) అని అక్కడి వైద్యులు పేరు పెట్టిన 100 మంది రోగులలో 87 మందికి డిప్రెషన్ లక్షణాలు సరిపోయాయి. వారిలో ఎక్కువమంది చెప్పుకున్నది మాత్రం తలనొప్పి, నిద్రలేమి వంటి ఒంటి బాధలే.

కాబట్టి డిప్రెషన్‌కు నేను ‘మనాది’నే ఎంచుకుంటాను. ‘రంది’ అంటే, పట్టుకున్న జబ్బును రోగి తానే పెట్టుకున్నట్టవుతుంది.