హ్యూగో శాంచెజ్ 38 గోల్స్: వడ్డించిన విస్తరా, సొంత కష్టమా?

దేవరకొండ_కోచ్ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను దేవరకొండలో రోజూ పొద్దున బడి పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతుంటాను. వాళ్లలో పదమూడేళ్ల పిల్లవాడొకడు ఉన్నాడు. బంతిని ఆపుకోవడం, నలుగురిని తప్పించుకుంటూ తీసుకుపోవడం అతనికి అంతగా రాదు గాని, గోల్ ముందు ఎక్కడి నుంచో ప్రత్యక్షమై, వచ్చిన బంతిని వచ్చినట్టే లోపలికి కొట్టేస్తాడు. మిగతా పిల్లలు మాత్రం కష్టమంతా తమదని, వాడు వడ్డించిన విస్తరి ముందు కూర్చునేటోడని వెక్కిరిస్తున్నారు.

వాళ్ల నోరు మూయించడానికి నేను మెక్సికో స్ట్రైకర్ హ్యూగో శాంచెజ్ సంగతి చెప్పాను. 1989–90లో రియల్ మాడ్రిడ్ తరఫున స్పెయిన్ లీగ్‌లో అతడు 38 గోల్స్ చేశాడని, ఆ 38 గోల్స్ కూడా బంతిని ఒక్కసారి మాత్రమే తాకి చేసినవని వివరించాను. మరునాడు ఒక పెద్ద పిల్లవాడు ఫోన్‌లో వెతికి వచ్చి రెండు ప్రశ్నలు వేశాడు. పక్కన బుట్రగ్వేనో, మిచెల్ వంటి ఆటగాళ్లు ఉంటే ఎవరు మాత్రం గోల్స్ కొట్టరు? అంత గొప్పవాడైతే ప్రపంచకప్‌లో ఒక్క గోల్‌తోనే ఎందుకు ఆగిపోయాడు? నిజం చెప్పాలంటే నాకు వెంటనే జవాబు తోచలేదు. ఆ కాలపు ఆట తెలిసిన పెద్దలు వివరిస్తారని ఆశిస్తున్నాను.

పాలమూరు_పాత_పీఈటీ:

తమ్ముడూ, మీ పెద్ద పిల్లవాడి మొదటి ప్రశ్న మంచిదే, కానీ అతడు ఒక్క రియల్ మాడ్రిడ్ పేజీ దగ్గరే ఆగిపోయినట్టున్నాడు. శాంచెజ్ స్పెయిన్‌లో మొదటిసారి లీగ్ అత్యధిక గోల్స్ వీరుడిగా నిలిచింది రియల్ మాడ్రిడ్‌లో కాదు, ఆ ఊళ్లోనే ఉన్న పోటీ జట్టు అట్లెటికో మాడ్రిడ్‌లో. 1984–85లో ఆ జట్టుకు 19 గోల్స్ చేసి ఆ బహుమతి తీసుకున్నాడు. అదే ఏడాది స్పెయిన్ నాకౌట్ పోటీ అయిన కింగ్స్ కప్ ఫైనల్‌లో అథ్లెటిక్ బిల్బావోపై 2–1తో గెలిచినప్పుడు ఆ రెండు గోల్సూ అతనివే. ఆ తరువాతనే రియల్‌కు మారి 22, 34, 29 గోల్స్‌తో వరుసగా మూడేళ్లు, ఒక్క ఏడాది విరామం తరువాత 38 గోల్స్‌తో మరోసారి అగ్రస్థానంలో నిలిచాడు. మొత్తం ఐదుసార్లు.

బుట్రగ్వేనో, మిచెల్, మార్టిన్ వాస్కెజ్ పక్కన ఉండటం అతనికి వరమేనని నేనూ ఒప్పుకుంటాను. 1986 నుంచి 1990 వరకు ఆ జట్టు వరుసగా ఐదు లీగ్ టైటిళ్లు గెలిచింది, చివరి ఏడాది 107 గోల్స్ చేసింది. అయితే 1993–94 సంగతి ఆ అబ్బాయికి చెప్పండి. అప్పటికి శాంచెజ్‌కు 35 ఏళ్లు. మాడ్రిడ్‌లోని చిన్న జట్టు రాయో వల్లెకానోలో ఆడాడు. పక్కన పేరున్నవాళ్లు లేరు, ఆ జట్టు ఏడాది చివర కింది డివిజన్‌కు పడిపోయింది కూడా. అటువంటి జట్టులోనూ అతడు లీగ్‌లో 16 గోల్స్ చేశాడు. ఆ విస్తరి ఎవరు వడ్డించారు?

ఇక ఒక్కసారి మాత్రమే తాకి కొట్టడం గురించి. చూసేవారి కళ్లు బంతి మీద ఉంటాయి కాబట్టి, బంతి రాకముందు స్ట్రైకర్ చేసే పని ఎవరికీ కనిపించదు. పాస్ ఇచ్చేవాడు తల ఎత్తే క్షణం ఏదో అతడు ముందే పసిగట్టాలి. డిఫెండర్ వెనుకవైపు, అంటే బంతినీ తననూ ఒకేసారి చూడలేని చోట నిలబడాలి. దూరపు గోల్‌పోస్టు వైపు రెండడుగులు వేసి, వాడు అటు మొగ్గగానే దగ్గరి పోస్టు వైపు దూసుకురావాలి. కబడ్డీలో బోనస్ గీత మీద కాలు పెట్టేవాడు కూడా ఈ పనే చేస్తాడు; చూపు ఒకవైపు, అడుగు మరోవైపు. ఆగి బంతిని అదుపు చేసుకునే ఆ అర సెకనులోనే డిఫెండర్ కాలు అడ్డం వస్తుంది, గోల్‌కీపర్ కోణం మూసేస్తాడు. శాంచెజ్ ఆ అర సెకను వాళ్లకు ఇవ్వలేదు. ముప్పై ఏళ్లు పిల్లలకు ఆట నేర్పినవాడిగా చెబుతున్నాను, డ్రిబ్లింగ్ నేర్పడం కంటే ఈ కదలిక నేర్పడమే నాకు ఎప్పుడూ కష్టంగా ఉండేది.

మిర్యాలగూడ_డిఫెండర్:

పీఈటీ సార్ చెప్పినది అక్షరాలా నిజమని నా వంటి పాత డిఫెండర్‌కు అనుభవం మీద తెలుసు. డ్రిబుల్ చేసేవాడిని ఆపలేకపోతే వాడి గొప్పతనమని సర్దుకోవచ్చు. ఇటువంటివాడు గోల్ చేస్తే మాత్రం జట్టంతా మనవైపే చూస్తుంది, ‘‘వాణ్ని ఎట్ల వదిలినవ్’’ అని. నల్లగొండ ఎన్జీ కాలేజీ మైదానంలో ఒక మ్యాచ్ అంతా ఆ మాట పడ్డవాణ్ని నేను.

ఒక చిన్న సవరణ కూడా అవసరం. ఆ 38లో పెనాల్టీలు కూడా ఉన్నాయి. పెనాల్టీని ఎవరైనా ఒక్కసారే తాకి కొడతారు కాబట్టి, ఆ లెక్కను పిల్లలకు చెప్పేటప్పుడు ఆ సంగతి దాచకండి. మీ ఫోన్ పిల్లవాడు రేపో ఎల్లుండో దాన్నీ పట్టుకొస్తాడు. దానివల్ల ఆ ఏడాది విలువ తగ్గిపోదు. 1950–51లో తెల్మో జారా నెలకొల్పిన 38 గోల్స్ రికార్డును అతడు అందుకున్నాడు. 2010–11లో క్రిస్టియానో రొనాల్డో దాటేవరకు దాన్ని ఎవరూ మించలేదు. ఆ 1989–90లోనే బల్గేరియా లీగ్‌లో స్టోయిచ్‌కోవ్ కూడా సరిగ్గా 38 చేయడంతో, యూరప్ లీగుల్లో అత్యధిక గోల్స్ చేసినవాడికి ఇచ్చే గోల్డెన్ షూ ఇద్దరికీ కలిపి ఇచ్చారు.

వీలైతే 1988 ఏప్రిల్‌లో లొగ్రోన్యెస్ జట్టుపై చేసిన గోల్ వీడియో చూపించండి. ఎడమవైపు నుంచి మార్టిన్ వాస్కెజ్ ఎత్తుగా పంపిన బంతిని, గోల్‌కు వీపు పెట్టి, గాలిలో వెల్లకిలా లేచి తలమీదుగా కొట్టాడు. అదీ ఒక్క తాకే. వడ్డించిన విస్తరి అని అప్పుడు ఎవరంటారో చూద్దాం!

సూర్యాపేట_లెక్కల_సార్:

రెండో ప్రశ్నను ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేను ప్రయత్నిస్తాను. దీనిలో శాంచెజ్‌ను పూర్తిగా వెనకేసుకురావడం నాకు సరికాదనిపిస్తుంది.

అతడు ఆడిన ప్రపంచకప్‌లు మూడు. 1978లో ఇరవై నిండని కుర్రవాడు. మెక్సికో మూడు మ్యాచ్‌లూ ఓడి, పశ్చిమ జర్మనీ చేతిలో 6–0తో చిత్తయింది. 1982 పోటీలకు మెక్సికో అర్హత పొందలేదు. 1986లో సొంతగడ్డ మీద బెల్జియంపై గోల్ చేశాడు గాని, పరాగ్వేతో మ్యాచ్ 1–1తో ముగిసే వేళ వచ్చిన పెనాల్టీని గోల్‌కీపర్ ఆపేశాడు. రెండు ఎల్లో కార్డుల వల్ల ఇరాక్‌తో మ్యాచ్‌కు దూరమయ్యాడు. మెక్సికో క్వార్టర్‌ఫైనల్ దాకా వెళ్లింది, కానీ దేశమంతా అతని మీద పెట్టుకున్న ఆశకు ఒక్క గోల్ తక్కువే. ఈ మాట ఒప్పుకోవాలి.

కానీ 1990 లెక్క వేరు. అండర్-20 పోటీల్లో వయసు దాటిన ఆటగాళ్లను తప్పుడు వయసుతో ఆడించినందుకు ఫిఫా మెక్సికోను రెండేళ్లు అన్ని అంతర్జాతీయ పోటీల నుంచి నిషేధించింది. ఆ మోసంలో శాంచెజ్‌కు ఏ సంబంధమూ లేదు. అయినా స్టోయిచ్‌కోవ్‌తో సమంగా యూరప్‌లో అందరికంటే ఎక్కువ గోల్స్ చేసిన ఏడాదే ఇటలీ ప్రపంచకప్‌ను అతడు ఆడలేకపోయాడు. 1994లో నార్వేతో ఆడాక, బల్గేరియాతో నాకౌట్ మ్యాచ్ అదనపు సమయం దాటి పెనాల్టీ షూటౌట్ దాకా వెళ్లినా, కోచ్ మెహియా బరోన్ అతణ్ని బెంచీ మీద నుంచి లేపలేదు, మెక్సికో ఓడిపోయింది. అక్కడి అభిమానులు ఆ నిర్ణయాన్ని ఇప్పటికీ తిట్టుకుంటూనే ఉంటారు.

మొత్తంగా దేశానికి 58 మ్యాచ్‌లలో 29 గోల్స్, అంటే రెండు మ్యాచ్‌లకొకటి. తరువాతి కాలపు మెక్సికో స్ట్రైకర్లలో ‘చిచరీతో’ అనే ముద్దుపేరున్న హవియర్ హెర్నాండెజ్ 109 మ్యాచ్‌లలో 52, తలతో కొట్టడంలో దిట్ట అయిన బోర్గెట్టి 89 మ్యాచ్‌లలో 46 చేశారు. సగటు చూస్తే ముగ్గురూ దాదాపు ఒకటే. శాంచెజ్‌కు తక్కువైంది మ్యాచ్‌లు. స్పెయిన్ లీగ్‌లో 347 మ్యాచ్‌లలో 234 గోల్స్ చేసినవాడు దేశానికి ఇరవై ఏళ్ల కాలంలో అరవై మ్యాచ్‌లైనా ఆడలేదంటే, అందులో నిషేధం పాలు ఉంది, అట్లాంటిక్ దాటి రావలసిన దూరం పాలూ ఉంది.

దేవరకొండ_కోచ్:

అందరికీ ధన్యవాదాలు. రాయో వల్లెకానో సంగతి, 1990 నిషేధం సంగతి నాకు తెలియవు. పెనాల్టీల మాట నేనే ముందుగా చెబుతాను. ఒక సందేహం మిగిలింది. ఆ పిల్లవాడిని ఇక ఇలాగే వదిలేయాలా, బంతిని ఆపడం కూడా నేర్పాలా? మా మైదానంలో గులకరాళ్లు ఎక్కువ, బంతి ఎటు లేస్తుందో చెప్పలేము.

పాలమూరు_పాత_పీఈటీ:

తప్పకుండా నేర్పండి. శాంచెజ్‌కు బంతిని ఆపడం రాక కాదు, అవసరం లేకుండా చేసుకున్నాడు. అతడు మెక్సికో విశ్వవిద్యాలయ జట్టు పూమాస్‌లో ఆడుతూనే అక్కడ పండ్ల డాక్టరు చదువు చదివినవాడు. రెండు పనులు పక్కపక్కనే నడిపాడు. మీ పిల్లవాడికి రోజూ అరగంట బంతి ఆపడం, తరువాత పావుగంట క్రాస్‌లు, అంటే పక్కల నుంచి గోల్ ముందుకు వేసే బంతులు, పెట్టండి. వెక్కిరించే పిల్లల చేతనే ఆ క్రాస్‌లు వేయించండి. పది వేస్తే ఎన్ని సరైన చోట పడతాయో వాళ్లకూ తెలుస్తుంది.

ఇంకొక హెచ్చరిక. శాంచెజ్ అక్క జిమ్నాస్ట్. గోల్ చేసిన ప్రతిసారీ అతడు గాలిలో పిల్లిమొగ్గ వేసేది ఆమె నేర్పిన విద్యతోనే. వీడియో చూడగానే మీవాళ్లందరూ ముందుగా దాన్నే ప్రయత్నిస్తారు. గులకరాళ్ల మీద వద్దు, లాంగ్‌జంప్ ఇసుక గుంత దగ్గరికి తీసుకుపోండి.