నియాన్ బల్బు బ్లింకర్‌కి ఏ రకం బల్బు తీసుకోవాలి?

అందరికీ నమస్తే. మా పాపకి చూపిద్దామని ఐసీ (చిప్) లేకుండా నియాన్ బల్బుతో బ్లింకర్ (వెలిగి ఆరుతూ ఉండే సర్క్యూట్) కడుతున్నా, 110 వోల్టుల డీసీ, 2.2 మెగా ఓమ్ రెసిస్టర్, బల్బుకి ప్యారలల్‌గా 1 మైక్రోఫారడ్ 250 వోల్టుల కెపాసిటర్. పాత టెస్టర్‌లోంచి తీసిన బల్బు పెడితే సెకనుకోసారి చక్కగా బ్లింక్ కొడుతోంది, లోపల రెండు కడ్డీల్లో ఒకదాని చుట్టూనే నారింజ రంగు వెలుగు, చూడ్డానికి ఎంత బావుందో! కానీ కొత్తగా కొన్న బల్బులు ఒక్కటీ వెలగట్లేదు. ఎక్కువ వెలుగిచ్చే రకానికి డీసీలో 135 వోల్టుల దాకా కావాలంటారు కదా, ఇవి అవేనా? మామూలు ఎన్ఈ-2 రకం అయితే 90 లోపే వెలగాలి. ఇంకోటి, పాత బల్బు కూడా డబ్బాలో పెట్టి మూత వేస్తే తడబడుతోంది, టార్చి వేస్తే మళ్ళీ సరిగ్గా కొడుతోంది. చీకట్లో కూడా నిలకడగా కొట్టాలంటే షాపులో ఏమని అడగాలి, కొనేముందు ఎలా చెక్ చేసుకోవాలి? తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి ప్లీజ్.